పతకము అందరిది, నొప్పి ఒక్కరిది



సాయంకాలము మన హొసూరు వైపు పల్లెలలో పిల్లలు కబడ్డీ ఆడుట చూస్తాము. వాచిన మోకాలికి గుడ్డ చుట్టుకొని ఆడేవానిని "మగాడంటే వాడే" అని మెచ్చుకొంటాము. ఆ మెప్పు మంచిదేనా? ఆటలో దొరికే బహుమానము, బ్రతుకంతా మోసే నొప్పికి తగినదేనా?

పుల్లెల గోపీచంద్ సంగతి చూడండి. 1994లో ఆడుచుండగా ఆయన మోకాలి లిగమెంటు తెగినది. ఆపరేషన్లు జరిగినవి. అయినను 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ గెలిచారు. 1980లో బెంగుళూరు ప్రకాశ్ పడుకోన్ గెలిచిన తరువాత మరొక భారతీయునికి ఆ గెలుపు దొరకడానికి 21 సంవత్సరాలు పట్టినది. కాని గాయాలు ఆయనను ఆ పైన ఎక్కువ కాలము ఆడనివ్వలేదు.

ఆయన శిక్షణలో సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకము తెచ్చినది. 2016లో ఆమె మోకాలికీ ఆపరేషన్ జరిగినది. 2024లో, 34 ఏండ్లకే, తనకు ఆర్థ్రైటిస్ ఉన్నదని ఆమెయే చెప్పినది. మన ఇండ్లలో అవ్వలకు వచ్చే కీళ్లజబ్బు అది!

"శిడ్లఘట్టలో పట్టు తీసేవారి వేళ్లు ఉడుకునీళ్లలో బొబ్బలెక్కుతాయి. క్వారీలో రాళ్లు కొట్టేవారి నడుములు విరుగుతాయి. వారికి పతకము కూడ లేదే" అని కొందరంటారు. నిజమే. అయితే ఒకరి నొప్పి మరొకరి నొప్పిని మాన్పదు. పైగా పతకము ఏ ఒక్కరికో వస్తుంది. పేరు రాకుండానే మోకాళ్లు పోగొట్టుకొన్నవారిని ఎవరు లెక్కపెట్టారు?

తగినదా కాదా అన్న లెక్క నొప్పి మోసేవారే వేయాలి, చూచేవారు కాదు. ఎదిగినవారు తెలిసి ఎన్నుకొంటే వారిని గౌరవించుదాము. కాని 15 ఏండ్ల పిల్లవాడు 40 ఏండ్లనాటి తన మోకాలిని గూర్చి ఏమెరుగును? అది చెప్పవలసినది పెద్దలమైన మనమే. నొప్పి తెలియకుండ సూది వేయించి మైదానములోనికి పంపుట ప్రేమ కాదు. వాపు తగ్గేదాకా కూర్చోబెట్టండి. ఆట కొరకు చదువు మాన్పించకండి. ఓడి వచ్చిన రోజున కూడ గెలిచిన రోజువలెనే అన్నము పెట్టండి.

పందెములో గెలిచినవాని కిరీటము వాడిపోయేదని పౌలు ఎరుగును. మోకాలు మాత్రము కడవరకు మనతో నడవవలసినది.