తెర మీది కృష్ణుడు, నేల మీది మాయావి

గారడీతో చూపిన దేవుడికి చేతులెత్తి మొక్కినవారి భక్తి నిజమైనదేనా అన్న ప్రశ్న సినిమా కంటే పాతది. నెల్లూరు తీరసీమలో తోలుబొమ్మలాట ఆడిన ప్రతి రాత్రీ అది ఉన్నదే. రంగులద్దిన మేకతోలు బొమ్మ తెల్లని తెరకు ఆనుకొని, వెనుక దీపపు వెలుగులో హనుమంతుడై లంకకు ఎగురుతుంది. తెర వెనుకకు వెళ్లి, పుల్లలతో బొమ్మను ఆడించే చేతిని కళ్లారా చూసివచ్చినవాడు సైతం, మళ్లీ ముందు కూర్చున్నాక సీత శోకానికి కంటతడి పెట్టగలడు.

1919లో దాదాసాహెబ్ ఫాల్కే తీసిన మూకీ ‘కాళీయ మర్దన్’ ఈ అనుభవాన్నే కెమెరాతో సాధించింది. తన పేరును తిరగేసి ‘ప్రొఫెసర్ కెల్ఫా’గా ఇంద్రజాలం ప్రదర్శించిన ఫాల్కే, ఈ చిత్రారంభంలో కన్నకూతురు మందాకినిని మామూలు పిల్లగానే చూపి, ఆ పసిముఖంలో కోపం, నవ్వు వంటి భావాలు మెదలనిచ్చి, ఆ తరువాతనే ఆమె రూపాన్ని కృష్ణుడి రూపంలోకి కరిగించాడు. కరిగించడం అంటే, కటకపు వెలుగుదారిని మెల్లగా మూసి, ఫిలిమును వెనక్కి తిప్పి, అదే భాగంపై రెండవ దృశ్యాన్ని మెల్లగా తెరుస్తూ మళ్లీ తీయడం.

మాండూక్యకారికల భాష్యంలో శంకరులు చెప్పిన మాయావి ఇక్కడ గుర్తుకు రావాలి: అతడు ఆకాశంలోకి దారం విసిరి, ఆయుధాలతో దాన్ని ఎక్కి, కనుమరుగై, యుద్ధంలో ముక్కలై కిందపడి మళ్లీ లేచినట్లు కనిపిస్తాడు, అసలు మాయావి మాత్రం ఎవరికీ కనబడకుండా నేల మీదనే నిలిచి ఉంటాడు. ఫాల్కే ఆ నేల మీది వ్యక్తిని ముందే చూపించాడు కనుక ఆయన మాయలో వంచన లేదు. కలలో పాము కాటు అబద్ధమైనా, కలిగిన భయం అబద్ధం కానట్లే, ఆ బిడ్డను చూసి పొంగిన భక్తీ అబద్ధం కాదు. చేసే చేతిని దాచి, మాయను మహిమగా చెప్పి దక్షిణ పుచ్చుకొన్నప్పుడే అది మోసం. ఈ తేడాను చెరపనివ్వకూడదు.

తెలుగువారి తొలి మూకీగా చెప్పుకొనే ‘భీష్మ ప్రతిజ్ఞ’ను రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో మద్రాసులో నిర్మించారు. దాని ప్రతి నేడు దొరకదు. మందాకిని ముఖం మాత్రం ఫిలిం మీద నిలిచి ఉంది.