వేషమునకు వెనుకనున్న మిత్రుడు

ఒకప్పుడు వేషము కట్టి పేరుపొందినవాడు మనకు మిత్రుడైనచో, మనము స్నేహము చేయుచున్నది ఆ మనుష్యునితోనా, ఆ వేషముతోనా? ఈ ప్రశ్న తేలికగా తోచును గాని, విచారించినకొలది బరువెక్కుచుండును.

లోకమున కొన్ని చలనచిత్రములు కలవు. అవి వెలువడినప్పుడు పండితులు మెచ్చరు, పామరులు చూడరు. కొన్ని సంవత్సరములకు ఎక్కడనుండియో ఒక చిన్న భక్తబృందము పుట్టి, వానిని మరల మరల చూచి, సంభాషణములను కంఠస్థము చేసి, ప్రదర్శనశాలలలో ఏకకంఠముతో వల్లించును. 1990లో వచ్చిన 'ట్రోల్ 2' అట్టిది. దాని దర్శకుడు క్లాడియో ఫ్రాగాస్సో ఇటలీ దేశస్థుడు. చిత్రము తీసినది అమెరికాలోని యూటా రాష్ట్రమున. పేరున ట్రోలను భూతమున్నను చిత్రమున నొక్కటియు లేదు. ఉన్నవి గాబ్లినులను పిశాచములు. అవి శాకాహారులు, అందుచే మనుష్యులను మొక్కలుగా మార్చి మరీ భక్షించును! తండ్రి వేషము ధరించిన జార్జి హార్డీ వృత్తిచే దంతవైద్యుడు. పిమ్మట ఆయన అలబామా రాష్ట్రములోని అలెగ్జాండర్ సిటీ యను చిన్న పట్టణమున తన వైద్యము తాను చేసికొనుచుండెను. అందే బాలుడుగా నటించిన మైకేల్ స్టీఫెన్‌సన్ పెద్దవాడై, 2009లో 'బెస్ట్ వర్స్ట్ మూవీ' యను వాస్తవచిత్రమును వెలువరించి, ఆ కథను లోకమునకు చూపెను.

ప్రదర్శనములకు వచ్చిన జనులు హార్డీని చూచి హర్షధ్వానములు చేసిరి. ఆయనయు సంతసించి, తన పాత మాటలనే మరల మరల పలికెను. కాని వేరొక సంతలో ఆయన బల్లకడకు వచ్చువారే కరువైరి. దర్శకుడన్ననో, తాను శ్రద్ధతో తీసిన కథకు జనులు నవ్వుట చూచి నొచ్చుకొనెను. ఒకే నవ్వు ఒకనికి పుష్పమైనది, ఒకనికి ముల్లైనది. కావున అది మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పుట నవ్వువారి పని కాదు.

నటుని 'పాత్రము' అనుటలోని భావమును అభినవగుప్తుడు విప్పి చెప్పెను. మధువుంచిన గిన్నె మధురుచి నెరుగదు; రసాస్వాదము సామాజికునిది. ఇది నిజమైనచో, ఆనందమంతయు మనము గ్రోలి, గిన్నెను మాత్రము జన్మాంతము ఆ మధువు పేరుతోనే పిలుచుట యేమి న్యాయము? మా పాఠశాలలో శకుని వేషము వేసిన యొక బాలుని తోటివారు చదువు ముగియువరకు శకునియనియే పిలిచిరి. వాడు లెక్కలలో ప్రథముడన్న సంగతి యెవరికిని జ్ఞాపకము లేకపోయెను.

అట్లని ఆ ప్రస్తావనయే తేరాదనుట సరికాదు. దాచినచో అది నేరమువలె తోచును. మిత్రుడు తానై యెత్తినప్పుడు విని, ఆయన నవ్వినంతమేరకు నవ్వుట మర్యాద. ఇంటికి వచ్చిన బంధువులకు 'ఈయన ఫలానా చిత్రములోని వారండీ' యని వింతవస్తువువలె చూపుట, ఒక్క మాట పలుకుమని పట్టుబట్టుట స్నేహము కాదు. టిక్కెట్టు కొనని వినోదము. సుఖము కొరకైన మైత్రి ఆ సుఖముతోడనే అంతరించునని అరిస్టాటిలు చెప్పినది ఇచట స్మరింపదగును.

అలెగ్జాండర్ సిటీలో పంటినొప్పి మాన్పించుకొన్నవారికి ఆయన ముందు వైద్యుడు, ఇరుగుపొరుగువాడు. నటుడన్నది తరువాతి మాట. కొన్ని వారములు కట్టిన వేషమునకు ఇరువది యేండ్ల జీవితమును బలియిచ్చుట తగదు. మిత్రుని యింటికి పోయినప్పుడు ఆయన యారోగ్యమును, పిల్లల చదువును, చేయుచున్న పనిని ముందడుగుదము. వేషము మాట ఎత్తుటయో మానుటయో ఆయనకు విడిచిపెట్టుదము.