మాయల మరాఠీ తన కథ చెప్పిన యెడల

పాత కథను దుష్టుని నోట చెప్పించు అలవాటు నేడు ఎల్లెడల కానవచ్చుచున్నది. మనకిది క్రొత్త కాదు. 1961లో వెలువడిన ‘సీతారామకల్యాణం’ చిత్రములో ఎన్.టి. రామారావు తానే రావణ పాత్ర ధరించి, అతనిని పండితునిగాను భక్తునిగాను చూపెను. ఇట్లు చూపుట తగునా? తగునేని ఎంతవరకు?

మన నల్లగొండ, పాలమూరు పల్లెలు బాగుగ నెరిగిన కథ నొకదానిని తీసికొందము. బుడిగజంగాలు తంబుర మీటుచు చెప్పుకొనివచ్చిన బాలనాగమ్మ కథ అది. అందలి మాయల మరాఠీని సాక్షిగా నిలిపి అడిగిన, అతడేమనును?

“నేనామెను ప్రేమించితిని. మేడలో నుంచితిని. వ్రతమున్నదని ఆమె చెప్పగా నమ్మి, ఏండ్ల తరబడి వేచితిని. నా ప్రాణము ఏడు సముద్రముల కావల చిలుకలో నున్నదను రహస్యమును సైతము ఆమెకు విప్పి చెప్పితిని. ఆ రహస్యముతోనే నన్ను చంపించినది. మోసపోయిన వాడను నేను.”

చిత్రమేమనగా, ఈ మాటలలో ప్రేమయను మాట తప్ప తక్కినదంతయు నిజమే. అతడు వేచిన మాట నిజము, నమ్మిన మాట నిజము. భిక్షుక వేషమున వాకిట నిలిచి, బిచ్చము పెట్టవచ్చిన ఇల్లాలిని కుక్కగా మార్చి తీసికొనిపోయినది మాత్రము ఇందులో లేదు. ఉయ్యెలలో విడువబడిన పసివాడు లేడు. వెదకుచు వచ్చి రాయియైన భర్త లేడు. అతని కంఠము అబద్ధమాడలేదు, ఆ యేడ్పు వినలేదంతే. ప్రాణమును అంత దూరమున దాచుకొన్నవానికి ఎవరి యేడ్పు వినబడును?

నల్లగొండ ప్రక్కనున్న పానగల్లులో కందూరు చోడుల నాటి ఛాయాసోమేశ్వరాలయము కలదు. దాని గర్భగుడి గోడపై పగలంతయు ఒక స్తంభపు నీడ కదలక నిలుచును. ముందున్న స్తంభములలో ఏ ఒక్కటియు ఒంటరిగా ఆ నీడను వేయుట లేదట. పలు స్తంభముల నడుమనుండి వచ్చు వెలుతురు కూడి దానిని కల్పించుచున్నదని చూచినవారు చెప్పుదురు. దుష్టత్వమును గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. చిన్ననాటి దెబ్బ, ఆకలి, అవమానము, ఆదరించువారు లేమి అనునవి దాని వెనుక ఎన్నో స్తంభములుగా నుండును. వాటిని వెదకుట దయగలవారి పని. ఆ పనిని నేను తక్కువగా చూడను. అయితే స్తంభములను లెక్కించుటలో మునిగినవాడు గోడవైపు చూడడు.

ఈ జిల్లాలలోనే 1940ల వరకు గడీలలో వెట్టి సాగెను. దొర తన కథను ఎట్లు చెప్పుకొనెనో ఊహించుట కష్టము కాదు. కరువులో గింజలిచ్చితిని, పెండ్లికి అప్పిచ్చితిని, ఊరికి పెద్దదిక్కుగా నుంటిని! గింజలిచ్చినది నిజమే. ఆ గింజల అప్పు కొడుకునకు, మనుమనికి దిగిన సంగతియు, పసిబిడ్డను గట్టున విడిచి దొర పొలములో వంగిన తల్లి సంగతియు ఆ కథలో నుండవు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గారలు ‘మా భూమి’ నాటకమును 1947లో ఆ తల్లివైపున నిలిచి వ్రాసిరి.

కాబట్టి, చదువరీ, దుష్టుని పక్షమున కథ చెప్పుట సాహసమని నేననుకొనను. అది ప్రతి యింట ప్రతిదినము జరుగుచునే యున్నది. అప్పు ఎగవేసినవాడు చెప్పుకొనును, ఆలిని కొట్టినవాడు చెప్పుకొనును. మనకును అట్టి కథ ఒకటి సిద్ధముగా నుండును. అరుదైనది మరియొకటి. అది దెబ్బతిన్నవారి నోట తన కథను చేసినవాడు కూర్చుండి వినుట.

దావీదు విన్నాడు. ఊరియాను చంపించి, అతని భార్యను తెచ్చుకొన్న రాజునొద్దకు నాతాను వచ్చి, ఒక బీదవాని గొఱ్ఱెపిల్లను గూర్చి చెప్పెను. అది యజమానుని గిన్నెలో త్రాగి, అతని ఒడిలో పండుకొనెడిది. దానిని ధనికుడు పట్టి వండించెను. రాజు మండిపడి, అట్టివాడు మరణపాత్రుడని తీర్పు చెప్పిన తరువాతనే ఆ ధనికుడెవరో అతనికి తెలిసెను. నాతాను ఆ ధనికునికి తన పక్షమున చెప్పుకొనుటకు ఒక్క మాటైనను ఇయ్యలేదు. ఆ మాటలన్నియు దావీదు అంతకుముందే, నెలల తరబడి, తనలో తాను చెప్పుకొనియే యుండును.