వెలుఁగునకు నీడ వలయును

కంభము చెరువు గట్టుపై నిలిచి, గుండ్లకమ్మ జలములపై బాలభానుఁడు పొడసూపు వేళ కెమెరా పట్టినవానికి ఒక ధర్మసంకటము తప్పదు: ఆకాశమునకుఁ దగినట్లు వెలుతురు కొలిచినచో కొండలు కాటుకముద్దలగును, కొండలకుఁ దగినట్లు కొలిచినచో ఆకాశము సున్నము కొట్టినట్లు తెల్లనై, మేఘముల వన్నెలు మరల రాకుండ నశించును.

కన్ను క్షణమాత్రమున రెంటికిని సర్దుకొనును. యంత్రమునకు ఒక్క పటమున ఆ శక్తి లేదు. కావున నేర్పరి వెలుఁగును కాపాడుకొనును, ఏలయన నీడలో దాఁగినదానిని పిదపఁ గొంత వెలికిఁ దీయవచ్చును. లేదా వేర్వేరు కొలతలతో మూడు పటములు తీసి కలుపును. జైనుల అనేకాంతవాదము చెప్పినదియు నిదియే కదా: ఒక్కొక్క చూపును సత్యమే, ఏ యొక్కటియు సంపూర్ణసత్యము కాదు.

అట్లని చీఁకటి నంతయుఁ దుడిచివేయఁ బూనుట వివేకము కాదు. మార్కాపురపు పలక నల్లగా నుండుటచేతనే కదా, దానిపై బలపపు గీఁత అక్షరమగుచున్నది!