పెట్టెలోని పారాయణం

భగవద్గీత గానమూ, సుందరకాండ పారాయణమూ, వందలాది హరికథలూ ప్రవచనాలూ ఒకే యంత్రంలో నిల్వ ఉండి, కోరిన క్షణాన ఇంట్లో ఏ గదిలోనైనా వినిపించగలిగినప్పుడు ఆ ఇంటికి నిజంగా సమకూరినది ఏమిటన్న ప్రశ్న పైకి సాంకేతికంగా కనిపించినా లోతులో తాత్త్వికమైనదే. శబ్దం నిత్యమా అనిత్యమా అని మీమాంసకులూ నైయాయికులూ శతాబ్దాల తరబడి సాగించిన వాదమూ, శ్రవణఫలం ఎవరికి దక్కుతుందన్న వేదాంత విచారణా, అవసరానికి మించి కూడబెట్టరాదన్న యోగశాస్త్ర నియమమూ ఈ ఒక్క ప్రశ్న దగ్గర కలుసుకుంటాయి. తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ ఉన్న కృష్ణా డెల్టా ఈ విచారణకు తగిన నేల. భక్తిని చెవి ద్వారా పంచుకున్న సంప్రదాయమూ, పవిత్రమైనదాన్ని భరిణెలో భద్రపరచిన అంతకంటె పాత సంప్రదాయమూ ఇక్కడ ఇరుగుపొరుగుగా ఉన్నాయి.

తెనాలి సమీపంలోని మోపర్రులో 1921లో జన్మించిన ఎం.ఎస్. రామారావు తొలుత సినీ గాయకుడిగా పేరు తెచ్చుకొని, అనంతరం సుందరకాండను సామాన్యులు సైతం పాడుకోదగిన తెలుగు గేయంగా మలచి సుందరదాసుగా ప్రసిద్ధులయ్యారు. బాపట్లలో 1902లో జన్మించి, తెనాలి శ్రీరామవిలాస సభ నాటకాలతో ఆంధ్రదేశమంతటా పేరు పొందిన స్థానం నరసింహారావు గొంతు గ్రామఫోను ప్లేట్ల మీదుగా రంగస్థలం చూడని వారికీ చేరింది. ఆ తరువాత వచ్చిన రేడియో, క్యాసెట్టు, గుడి మైకు ఈ వినికిడిని ఊరుమ్మడి చేశాయి. అయితే ఆ దశలన్నింటిలోనూ శబ్దానికి ఒక వేళ ఉండేది: తెల్లవారుజామున సుప్రభాతం, ధనుర్మాసంలో తిరుప్పావై, మరణం సంభవించిన ఇంటి ముందు ఘంటసాల భగవద్గీత. ఏది ఎప్పుడు వినాలో వినేవారి ఇష్టంకన్న ముందు కాలమూ సందర్భమూ నిర్ణయించేవి. ఇంటి నిల్వయంత్రం ఆ ముడిని విప్పి, ఏ శబ్దాన్నైనా ఏ వేళనైనా వినగల అధికారాన్ని గృహస్థు చేతిలో పెడుతుంది.

వాడుకలో నాస్ అని పిలిచే ఈ నెట్‌వర్క్ స్టోరేజి పెట్టెలో సాధారణంగా రెండో నాలుగో హార్డ్ డిస్కులూ, వాటిని నడిపే ఒక చిన్న కంప్యూటరూ ఉంటాయి. దానిని కేబుల్‌తో ఇంటి వైఫై రౌటర్‌కు కలిపి, జెల్లీఫిన్, ప్లెక్స్ వంటి మీడియా సర్వర్ ప్రోగ్రాంను అందులో నెలకొల్పితే, హాల్లోని టీవీ, వంటింట్లోని ఫోను, పూజగదిలోని స్పీకరు ఒకే భాండాగారం నుంచి కోరినదాన్ని తెచ్చుకుంటాయి. స్ట్రీమింగ్ అంటే ఫైలును మొత్తంగా తరలించకుండా చిన్న చిన్న తునకలుగా పంపుతూ, ముందరి తునక వినిపిస్తూండగానే తరువాతి తునకను అందించడం. రెండు డిస్కుల మీద ఒకే సమాచారాన్ని ఏకకాలంలో రాసే ఏర్పాటును రెయిడ్-1 అంటారు. ఒక డిస్కు చెడిపోయినా రెండవది నిలుస్తుంది. కాని పొరపాటున ఒక ఫైలు చెరిపివేస్తే అది రెండింటిలోనూ చెరిగిపోతుంది కనుక, వేరొక చోట మరొక ప్రతి ఉంచక తప్పదు.

ఈ భాండాగారాన్ని నింపే పనిలో రెండు విధాలున్నాయి, వాటి మధ్య భేదం తాత్త్వికంగా చిన్నది కాదు. పాత క్యాసెట్టును డిజిటల్ రూపంలోకి మార్చాలంటే, తీరప్రాంతపు చెమ్మకు రీలు మీద పట్టిన తెల్లని బూజును మొదట గమనించుకొని, టేప్‌రికార్డరు హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచి, రీలు అతుక్కొని తెగిపోకుండా ఒకసారి చివరికంటా తిప్పి వెనక్కు చుట్టి, తీగతో కంప్యూటరుకు కలిపి, మొదటినుంచి తుదివరకు మోగనివ్వాలి. గంట నిడివిగల క్యాసెట్టుకు గంట కాలం పట్టి తీరుతుంది. ఎక్కడ రీలు సాగిందో, ఎక్కడ పక్క మారిందో, పాడినది ఎవరో, పాడినది ఎప్పుడో తెలుసుకొని ఫైలుకు పేరు పెట్టాలంటే ఆ గంటసేపు దగ్గర కూర్చుని వినవలసిందే. రెండవ విధం, సిద్ధంగా ఉన్న ఫైళ్లను ఒక డ్రైవు నుంచి మరొక డ్రైవుకు మార్చుకోవడం; వేయి ప్రవచనాలైనా నిమిషాల్లో చేరిపోతాయి, వాటిలో ఒక్క వాక్యమైనా ఎవరి చెవినీ పడదు. మొదటి పద్ధతిలో భద్రపరచడమూ వినడమూ ఒకే క్రియగా సాగగా, రెండవ పద్ధతిలో అవి పూర్తిగా విడిపోతాయి.

పెట్టెలో చేరినది శబ్దమేనా అన్నది తరువాతి విచారణ. మీమాంసకుల దృష్టిలో వర్ణాలు నిత్యమైనవి. ఉచ్చారణ వాటిని కొత్తగా పుట్టించక, ఉన్నవాటిని వ్యక్తపరుస్తుంది. దీనినే అభివ్యక్తి అంటారు. నిన్న విన్న గకారమే నేడు విన్నదని గుర్తుపట్టగలగడం, అంటే ప్రత్యభిజ్ఞ, ఇందుకు వారు చూపిన ప్రధాన ప్రమాణాల్లో ఒకటి. నైయాయికులు దీనిని అంగీకరించరు. వారి మతంలో శబ్దం ఆకాశగుణం; కారణం వలన పుట్టి క్షణాల్లో నశిస్తుంది; అలనుంచి అల పుట్టినట్లు ఒక శబ్దం మరొక శబ్దాన్ని పుట్టిస్తూ చెవిదాకా వస్తుంది. ఒకేలాంటివైన రెండు శబ్దాలను ఒకటేనని భ్రమించడమే తప్ప ప్రత్యభిజ్ఞ నిత్యత్వాన్ని నిరూపించజాలదని వారి సమాధానం. బౌద్ధులు ఇంకొక అడుగు ముందుకు వేసి, శబ్దమే కాదు, ఉన్నదంతా క్షణికమనీ, స్థిరంగా తోచేది ఎడతెగని క్షణాల పరంపర, అనగా సంతానం, మాత్రమేననీ చెప్పారు.

ఈ మూడు మతాలనూ నిల్వయంత్రం మీద నిలిపి చూస్తే, డిస్కు పళ్లెం మీద ఉన్నది అయస్కాంత కణాల అమరిక మాత్రమే. అది మోగదు, వినబడదు. నైయాయికుడి లెక్కలో అది శబ్దానికి కారణసామగ్రిలో ఒక భాగం. స్పీకరు కంపించిన ప్రతిసారీ పుట్టేది కొత్త శబ్దమే. మీమాంసకుడి లెక్కలో నిత్యమైన శబ్దానికి అది ఒక వ్యంజకసాధనం కావచ్చు గాని, వ్యక్తమైనదాన్ని గుర్తుపట్టే శ్రోత లేకుంటే అభివ్యక్తికి అర్థం లేదు. తునకలుగా ప్రవహించి, చేరిన వెంటనే గడిచిపోయే స్ట్రీమింగ్ బౌద్ధుల సంతానానికి చక్కగా ఒదిగే ఉదాహరణే అయినా, ఆ తునకలను ఒక పాటగా కూర్చేది వినేవారి చిత్తమే. ఒకరినొకరు ఖండించుకున్న ఈ వాదులు ఒక్క విషయంలో ఏకమవుతారు: శ్రోత లేనిదే పెట్టెలో సుందరకాండ లేదు, ఉన్నది సుందరకాండ వినగల అవకాశం.

పూర్వం ఆ అవకాశాన్ని నిల్వచేసినది మనిషే. వేదపాఠులు పదపాఠం, క్రమపాఠం, జటాపాఠం, ఘనపాఠం అనే పద్ధతుల్లో ఒకే మంత్రాన్ని పదాల వరుస మార్చి, ముందుకూ వెనక్కూ తిప్పి వల్లించడం వలన ఒక చోట దొర్లిన దోషం మరొక చోట బయటపడేది. రెండు డిస్కుల రక్షణకన్న ఇది గట్టి రక్షణ. తెలుగువారి అవధానంలో పృచ్ఛకులందరికీ పూరించిన పద్యాలను చివర ధారణగా ఒప్పజెప్పనిదే అవధానం పూర్తికాదు. ఈ రెండింటిలోనూ భద్రపరచేవాడు భద్రపరచడం వల్లనే మారతాడు. ఏళ్ల తరబడి సాగిన వల్లింపు అతని నాలుకనూ, శ్వాసనూ, నిద్రలేచే వేళనూ తీర్చిదిద్దుతుంది. యంత్రం ఈ భారాన్ని తనమీద వేసుకున్నప్పుడు భద్రత మిగిలింది, మార్పు మిగలలేదు. మనిషి జ్ఞాపకం మనిషితో పాటు పోతుంది కనుక యంత్రం వలన కలిగిన మేలు నిజమైనదే. అయితే అది దాచగలదు, ధరించలేదు.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు సన్న్యసించబోతూ ఆస్తిని పంచి ఇవ్వబోయినప్పుడు, ధనంతో నిండిన భూమండలమంతా దక్కినా అమృతత్వం లభిస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. లభించదనీ, సకల ఉపకరణాలు గలవారి బతుకు ఎలా ఉంటుందో ఆమె బతుకూ అలాగే ఉంటుందనీ ఆయన బదులిస్తాడు; ఆ వెంటనే ఆత్మను గూర్చి శ్రవణ, మనన, నిదిధ్యాసనలను, అంటే వినడం, విన్నదాన్ని తర్కించుకోవడం, తేలినదానిలో మనసు నిలపడం అనే మూడు మెట్లను, బోధిస్తాడు. ఈ సందర్భంలో ఒక చిన్న లెక్క ప్రయోజనకరం. సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యతగల ఎంపీ3 ఆడియో గంటకు సుమారు 58 మెగాబైట్ల చోటు తీసుకుంటుంది. ఆ లెక్కన నాలుగు టెరాబైట్ల డిస్కులో దాదాపు 69,000 గంటల శబ్దం పడుతుంది. రోజుకు గంట చొప్పున వింటే అది ముగియడానికి సుమారు 190 ఏళ్లు కావాలి. శతాయుర్దాయాన్నే పూర్ణాయువుగా ఎంచిన సంప్రదాయంలో ఇది ఇంచుమించు రెండు నిండు జీవితాల వినికిడి. భాగవతం విన్న పరీక్షిత్తుకు మిగిలినవి ఏడు రోజులు, విన్నది ఒక్క గ్రంథం.

భక్తిమార్గం నుంచి దీనికి బలమైన ఆక్షేపణ రావచ్చు. నామానికి ఎవరి శ్రద్ధతోనూ పనిలేదనీ, కొడుకును పిలుస్తూ నారాయణ అన్న అజామిళుడు సైతం తరించాడనీ, కాబట్టి ఇంట్లో పగలల్లా నామం మోగుతూంటే చాలుననీ ఆ మార్గంవారు అనవచ్చు. కాని అజామిళుడు పలికినది తన గొంతుతో, తన అంత్యక్షణంలో, ప్రాణభీతితో. ఆ కథ నామమహిమను చాటుతుందే తప్ప, పలుకు భారాన్ని ఇతరులకు అప్పగించవచ్చని చెప్పదు. నవవిధ భక్తుల్లో శ్రవణాన్ని మొదట చెప్పినప్పుడు కూడా అది భక్తుడు చేసే క్రియగానే చెప్పబడింది.

యోగసూత్రాలు యమాలనే నియమాల్లో అస్తేయాన్ని, అనగా పరుల సొత్తు హరించకపోవడాన్ని, కూడబెట్టరాదనే అపరిగ్రహానికి ముందే చేర్చాయి. భారతీయ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు, అది ప్రచురితమైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. భక్తిగీతమన్న కారణంగా ఆ హక్కు తొలగిపోదు. ఇక అపరిగ్రహాన్ని వివరిస్తూ వ్యాసభాష్యం, విషయాలను ఆర్జించడంలో, రక్షించడంలో, అవి నశించడంలో, వాటిపై తగులం పెంచుకోవడంలో, వాటికోసం హింసకు పాల్పడడంలో దోషాన్ని చూసి స్వీకరించకపోవడమే అపరిగ్రహమని చెప్పింది. హింస మాట విడిచినా, తక్కిన నాలుగింటినీ ఇంటి నిల్వయంత్రం గలవారు ఎరుగుదురు: ఇంకా దొరకని ప్రవచనాల కోసం వెదుకులాట, ప్రతికి ప్రతి తీసే జాగ్రత్త, కరెంటు పోయి డిస్కు చెడుతుందేమోనన్న బెంగ, ఎన్నడూ వినని ఫైలును సైతం చెరపలేని మమకారం.

ఈ చిక్కుకు ఒక పరిష్కారం తెనాలి–రేపల్లె రైలుమార్గం మీది భట్టిప్రోలులో కనిపిస్తుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాల్లో శాసనాలు చెక్కిన రాతి భరిణెలు బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివిగా ఎంచే ఆ ప్రాకృత శాసనాలను బ్యూలర్ చదివి ప్రకటించారు. బుద్ధధాతువులను, అంటే శరీరావశేషాలను, ఉంచడానికి భరిణెనూ స్ఫటికపు సంపుటాన్నీ చేయించిన కుర అనే వ్యక్తి పేరుతో పాటు అతని తల్లిదండ్రుల ప్రస్తావనా, నిగమసభ్యుల, గోష్ఠి సభ్యుల పేర్లూ వాటిపై ఉన్నాయి. ఆ ధాతువు ఏ ఒక్కరి ఇంటి సొత్తుగానూ నిలవలేదు. పదుగురు కలిసి సమర్పించగా, పదుగురూ ప్రదక్షిణం చేసే స్తూపగర్భంలో చేరింది. సమర్పణ వలన నిల్వ దానమైంది.

కాబట్టి నిల్వయంత్రం దోషమూ కాదు, పుణ్యమూ కాదు, అది ఉపకరణం. హక్కుల అడ్డు లేని పాత క్యాసెట్లను, ఇంటి పెద్దలు పాడిన మంగళహారతులను, ఊరి భజన బృందం పాటలను అందులో భద్రపరచి, ఒక ప్రతిని ఊరి గ్రంథాలయానికో భజనమందిరానికో ఇచ్చిన గృహస్థు దానిని దానంగా మారుస్తాడు. రోజూ ఒక గంట అందులో నుంచి ఒక్కదాన్ని విని, విన్నదాన్ని ఆలోచించినవాడు దానిని శ్రవణంగా మారుస్తాడు. ఈ రెండూ చేయనివాని ఇంట్లో 69,000 గంటల పారాయణం ఉన్నా, వినికిడి లెక్కన ఆ ఇల్లు నిశ్శబ్దమే. యంత్రం కొనదలచినవారు ఎన్ని టెరాబైట్లన్న ప్రశ్నకు ముందు రోజులో ఏ గంట అన్నదాన్ని తేల్చుకోవడం మంచిది.