ఆశ చూపుటయా, నిరీక్షించుటయా?

ధ్యాన భాగములు: యిర్మీయా 28, 29, 32 అధ్యాయములు, రోమా 8:24, 25



మన భాషలో ఆశ, నిరీక్షణ అను రెండు మాటలు దగ్గరగా కనబడును. ఆశ పెట్టుట, ఆశ చూపుట అని చెప్పుకొందుము. నిరీక్షణ చూపుట అని ఎవరును అనరు. ఎదుటివానికి ఆశ చూపి మనము తప్పుకొనవచ్చును. నిరీక్షణ గలవాడు తానే నిలిచి కనిపెట్టవలెను. సంఘమును నడిపించువారు వీటిలో దేనిని పట్టుకొనవలెనో ఆలోచింతము.

యెరూషలేములో హనన్యా అను ప్రవక్త బబులోను కాడి 2 సంవత్సరములలో విరుగునని జనులకు చెప్పెను. ఆ మాట చెవికి తీపి. యిర్మీయా చెప్పినదో 70 సంవత్సరములు. చెరపోయినవారు అక్కడనే ఇండ్లు కట్టుకొని తోటలు నాటుకొనవలెనని వ్రాసి పంపెను. విన్నవారికి అది నిరాశగా తోచియుండును. అయినను పట్టణమును శత్రువులు ముట్టడించియుండగా, తాను బందీగా నుండగా, 17 తులముల వెండి తూచి అనాతోతు పొలమును కొన్నవాడు యిర్మీయాయే. హనన్యా మాట ఇచ్చెను; యిర్మీయా వెండి ఇచ్చెను.

మన తెలుగు సంఘ చరిత్రలోను ఇట్టి సంగతి యున్నది. అమెరికా బాప్తిస్టు మిషనెరీ శామ్యూల్ డే దొర 1836లో మన విశాఖపట్టణమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరెను. ఏండ్లు గడిచినను ఫలము స్వల్పము. 1853లో ఆ మిషనును మూసివేయుదమా అని అమెరికాలో చర్చ జరిగెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ దొర తన భార్యతోను, కొద్దిమంది తెలుగు విశ్వాసులతోను ఒంగోలు కొండ ఎక్కి, ఆ ఊరికి సేవకుని పంపుమని ప్రార్థించెను. జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురము పెట్టినది 1866లో.

1876-78 కరవులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. అన్నము కొరకే ప్రభువు పేరు ఎత్తుదురేమోయని, బాప్తిస్మము కోరినవారిని ఆపియుంచెను. ఆశ చూపి జనమును కూర్చుకొనుట ఆనాడు ఎంత సులభము! సహాయపు పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంఖ్య గొప్పదే. అయితే నాయకులకు పాఠము ఆ ఆపియుంచిన నెలలలో నున్నది. మొదట విత్తిన డే దొర 1871లోనే కన్నుమూసెను. ఆ దినమును చూడలేదు.

మన చింతపల్లి కొండలకు వత్తము. కాఫీ మొక్క నాటిన రైతు మొదటి కాపునకు మూడు నాలుగేండ్లు కనిపెట్టును. ఊరక కూర్చుండడు, నీడచెట్లను చూచుకొనును, కలుపు తీయును. సంఘపెద్ద కనిపెట్టుటయు అట్టిదే కావలెను.

బిడ్డ మలేరియా జ్వరముతో కాగిపోవుచుండగా, "ప్రార్థించితిమి, ఆస్పత్రి అక్కరలేదు, రేపటికి లేచును" అని చెప్పు పెద్ద హనన్యా వంటివాడు. బిడ్డ దక్కనియెడల, విశ్వాసము చాలలేదను నింద కూడ ఆ తల్లి మీదనే పడును. ప్రార్థించి లేచి, డోలీ కఱ్ఱకు భుజము పెట్టువాడు నిరీక్షణ గలవాడు. బిడ్డ బ్రతుకునని అతడు మాట ఇయ్యలేడు. దారి పొడుగునను ఆ తల్లిని విడువడు.

అయితే జనులను ధైర్యపరచవద్దా? తప్పక ధైర్యపరచవలెను. దేవుడు ఇచ్చిన వాగ్దానమును బిగ్గరగా చెప్పుదము. ఆయన ఇయ్యని గడువును మాత్రము మనము ఇయ్యరాదు. గడువు తప్పిననాడు జనులు మనలనే గాక ఆయనను కూడ అనుమానింతురు.

ఈ నెల పెద్దలు కూడుకొనునప్పుడు ఒక్క ప్రశ్న అడుగుకొందము: మనము చెప్పిన మంచి మాటలలో దేని కొరకు మన చేతి వెండి తూచితిమి?

నిరీక్షణకర్తయగు దేవుడు మనకు తోడైయుండును గాక. ఆమేన్.