బొగ్గు ఏడ ఆగింది?

రామగిరి ఖిల్లాకు దగ్గర్లో, సింగరేణి వాళ్ల సెంటినరీ కాలనీ. బొగ్గు బాయిలో బెల్టు ఆపరేటర్‌గా చేసి రిటైరైన తండ్రికి బిడ్డ పెళ్లి వీడియో చూడాలని ఉంది. కొడుకు కంప్యూటర్‌లో పెట్టాడు. సన్నాయి ఆగకుండా వినిపిస్తోంది, బొమ్మ మాత్రం కదలదు. తాళి కట్టే చెయ్యి గాల్లోనే నిలిచింది. మళ్లీ కదిలేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి.

"ర్యామ్ చాలుతలేదు బాపూ" అని కొడుకు గోదావరిఖని పోయి 4 జీబీని 8 చేయించాడు. అదే తంతు. హార్డ్‌డిస్క్ తీసేయించి ఎస్‌ఎస్‌డీ వేయించాడు. కంప్యూటర్ చిటికెలో లేస్తోంది, పెళ్లి మాత్రం సాగదు.

"బొగ్గు ఏడ కుప్పవడుతున్నదో చూసినవా బిడ్డా?" అన్నాడు తండ్రి. "ఫేసు కాడ మిషిన్ ఎంత బొగ్గు కోసినా, నడుమ ఒక్క బెల్టు మెల్లగ నడిస్తే పైకొచ్చేది అది మోసినంతే. మేం ముందుగాల గదే చూస్తుంటిమి."

కొడుకు టాస్క్ మేనేజర్ తెరిచాడు. డిస్కుకు పని లేదు. ర్యామ్ సగం ఖాళీ. ప్రాసెసర్ నూటికి నూరు.

కుప్ప అక్కడుంది. వీడియో 1080పీ, సెకనుకు 50 ఫ్రేములు: అంటే సెకనుకు పది కోట్లకు పైగా చుక్కలు. ఫైలుగా చూస్తే చిన్నదే, పాత హార్డ్‌డిస్కు కూడా సునాయాసంగా అందిస్తుంది. కష్టమంతా దాన్ని విప్పడంలో. ఫోటోగ్రాఫర్ ఇచ్చింది హెచ్.265 పద్ధతిలో కుదించిన 10 బిట్ వీడియో. ఆ పద్ధతి వచ్చిందే 2013లో. వీళ్ల ఇంటెల్ ప్రాసెసర్ 2011 నాటి రెండో తరానిది. అందులో పాత హెచ్.264ను విప్పే ప్రత్యేక సర్క్యూట్ ఉంది, కొత్తదానికి లేదు. ఆ బరువంతా ప్రాసెసరే మోయాల్సి వచ్చింది. జీటీ 1030 లాంటి చిన్న గ్రాఫిక్స్ కార్డు వేసినా తీరేదే. కానీ కొడుకు జేబు అప్పటికే ఖాళీ. రాత్రంతా కంప్యూటర్‌ను వదిలేసి వీడియోను 8 బిట్ హెచ్.264కు మార్చాడు. నాణ్యత కాస్త తగ్గిందేమో, తండ్రి కంటికి తెలియలేదు. పెళ్లి అప్పగింతల దాకా సాఫీగా నడిచింది, పైసా ఖర్చు లేకుండా.

నీతి: అడ్డంకి ఎక్కడుందో చూడకుండా పెట్టిన ఖర్చు అడ్డంకిని తీయదు.

పాత కంప్యూటర్ కొనబోయేవాళ్లు దుకాణంలో ఎన్ని జీబీలని అడిగి ఊరుకోకండి. హెచ్.265 10 బిట్ వీడియోను విప్పే సర్క్యూట్ ఉందా అని కూడా అడగండి. ఇంటెల్ ప్రాసెసర్ల గ్రాఫిక్స్‌లో అది ఏడో తరం నుంచి ఉంది.